ఎవరూ లేని కాన్వాయ్

మోటార్ సైకిల్ మీద ఉన్నవాడు తొందరపడలేదు. ఢిల్లీ మునిర్కాలో ఎర్రలైటు దగ్గర, మూడు కార్ల వరసలో మధ్యదాని పక్కన ఆగాడు. వంగి, షూ లేసు సర్దుకున్నట్టు కనిపించాడు. పచ్చలైటు పడగానే ఎడమకి తిరిగి సందులో కలిసిపోయాడు.

కార్లు కాస్త దూరం వెళ్ళాక మధ్య కారు పేలింది.

డ్రైవర్ రాజగోపాల్ అక్కడికక్కడే చనిపోయాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సిన అమ్మాయికి బయల్దేరేటప్పుడు కడుపులో తిప్పుతుంటే, "చివరి కారులో గాలి బాగా వస్తుందమ్మా, అందులో కూర్చో" అని రాజగోపాలే పంపించాడు. ఆ ఒక్క మాట వల్ల ప్రీతి బతికింది.

మర్నాడు పొద్దున, బోర్డు లేని ఒక ప్రభుత్వ భవనంలో, చీఫ్ రాధాకృష్ణమూర్తి తలుపు వేసి కూర్చున్నాడు. ఎదురుగా ఏజెంట్ రఘువీర్. యాభై దాటిన మనిషి. కళ్ళ కింద నిద్రలేని నలుపు.

"రూట్ ఎవరెవరికి తెలుసు?"

"మీకు, నాకు, రాజగోపాల్‌కి. కారెక్కాక చెప్పాను."

"ఒకడు పోయాడు. ఇక మిగిలింది నువ్వూ నేనూ."

"అవును సార్."

"కార్లలోంచి ఎవరైనా ఫోన్ చేశారా?"

"కుదరదు సార్. ముందు నేను నడిపింది జామర్ బండి. అది వెళ్తున్నంతసేపూ చుట్టుపక్కల ఏ ఫోన్‌కీ సిగ్నల్ ఉండదు."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి వాళ్ళకి ఎలా తెలిసింది?"

రఘువీర్ ప్రీతి ఫైలు ముందుకు జరిపాడు. ప్రీతి సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు. నోయిడాలో చవక ఫోన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఫర్మ్‌వేర్ టెస్టర్. కొత్త అప్‌డేట్ జనం ఫోన్లలోకి వెళ్ళేముందు అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం ఆమె ఉద్యోగం. పోయిన నెల ఒక అప్‌డేట్‌లో ఎవరూ అడగని ముక్క ఒకటి కనిపించింది. అది పడిన ఫోను, సిగ్నల్ ఎంతుందో ప్రతి సెకనూ రాసుకుని విదేశంలోని సర్వర్‌కి పంపుతోంది. పైవాళ్ళకి చెప్పింది. మర్నాటికి ఆమె సీటు దగ్గర కంప్యూటర్ లేదు. ఆ సాయంత్రం ఆమె వెనక ఒక బైకు తిరిగింది.

"శుక్రవారం పొద్దున ప్రీతి మేజిస్ట్రేట్ ముందు స్టేట్‌మెంట్ ఇవ్వాలి" అన్నాడు చీఫ్. "అది ఉంటేనే గురుగ్రామ్‌లో, ఆ ముక్క పెట్టించినవాళ్ళ ఆఫీసు సీల్ చేసే ఆర్డర్ వస్తుంది. మధ్యాహ్నానికి ఇంకో అప్‌డేట్ వదులుతున్నారు. అది పడితే పాత జాడలన్నీ చెరిగిపోతాయి. ఆపరేషన్ నో సర్వీస్. నీదే. ఈసారి ఆ అమ్మాయి కోర్టు మెట్లెక్కాలి, రఘువీర్."

"ఎక్కుతుంది సార్."

"ఇంకో డ్రైవర్ ఇంటికి వెళ్ళి నేను నిలబడలేను."

*

ఆ అప్‌డేట్ పడిన ఫోన్లు ఎక్కడున్నాయో ప్రీతి చెప్పింది. సిగ్నల్ టెస్టింగ్ పేరుతో, 'టవర్ సాథీ' అనే యాప్ వేసి, స్టూడెంట్లకి ఉచితంగా పంచారు. నెలనెలా రీచార్జ్ కూడా వాళ్ళే చేయిస్తారు. ముఖర్జీ నగర్, కరోల్ బాగ్, మునిర్కా. సివిల్స్‌కి చదివే పిల్లలు వద్దనే రకం కాదు.

ఆరెంజ్ జాకెట్, హెల్మెట్, మెడలో టవర్ కంపెనీ కార్డుతో రఘువీర్ ముఖర్జీ నగర్‌లో మూడంతస్తులు ఎక్కాడు. తలుపు తీసింది భావన. తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపు నడిపేది ఆమే. వాళ్ళలో నలభై మందిని టెస్టర్లుగా చేర్పించిందీ ఆమే.

"సిగ్నల్ చెకింగ్, బేటీ."

భావన అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "అంకుల్, మీరు తెలుగువాళ్ళే. టవర్ మనుషులు చెప్పులు బయట విప్పి రారు. ఎవరు మీరు?"

రఘువీర్ హెల్మెట్ తీసి అసలు కార్డు చూపించాడు. భావన ముఖం పాలిపోయింది.

"ఆ యాప్‌లో ఏమైనా తప్పుందా అంకుల్? ఫ్రీ ఫోన్ అంటే నేనే అందరికీ ఇప్పించాను."

"అదే చూద్దామని వచ్చాను. మ్యాప్ ఉంటుందా?"

ఉంది. కోఆర్డినేటర్లకి విడిగా ఒక పేజీ ఇచ్చారు. సిగ్నల్ ఉన్నచోట పచ్చచుక్క, పోయినచోట ఎర్రచుక్క. రఘువీర్ చెప్పగా భావన మునిర్కా పేలుడు జరిగిన రోజు తెరిచింది. ఊరంతా పచ్చగా ఉంది. దక్షిణాన మాత్రం ఎర్రచుక్కలు ఒకదాని వెనక ఒకటి, చీమల బారులా, మునిర్కా దాకా వచ్చి ఆగిపోయాయి.

రాజగోపాల్ నడిపిన దారి అది.

రఘువీర్ ఆ చుక్కల వెంట వేలు నడిపించాడు. ఎవరూ ద్రోహం చెయ్యలేదు. ఎవరూ రూట్ చెప్పలేదు. కాపాడటానికి ముందు నడిచిన జామరే, దారి పొడవునా గదుల్లో చదువుకుంటున్న పిల్లల ఫోన్లలో సిగ్నల్ ఆర్పుకుంటూ, కాన్వాయ్ ఎక్కడుందో చెప్పుకుంటూ వెళ్ళింది. ఇక జామర్ వెంట తిరిగే ఏ పెద్దమనిషి కాన్వాయ్ అయినా వాళ్ళకి కనిపిస్తుంది.

"పేలిన కారు డ్రైవర్ని మేమే చంపించామా?" అంది భావన.

"కాదమ్మా. కూర్చో. మంచినీళ్ళు తాగు" అన్నాడు రఘువీర్. గ్లాసు తనే అందించాడు.

*

బురాడీ అవతల ఒక ఫ్లాట్‌లో ప్రీతిని దాచారు. రెండు రోజులుగా ఏమీ తినడం లేదని తెలిసి రఘువీర్ పులిహోర కలిపి తీసుకెళ్ళాడు. చీఫ్ ఫోన్ స్పీకర్ మీద ఉన్నాడు.

"జామర్ బండిని వేరే దారిలో పంపిద్దాం. వాళ్ళు దాని వెంట పడతారు" అన్నాడు చీఫ్.

"దాన్ని ఒక డ్రైవర్ నడపాలి సార్. బాంబు అతనికి అంటిస్తారు. బండి లేకుండా ఎర్రచుక్కలు నడిపిద్దాం. మన పిల్లల ఫోన్లు ముఖర్జీ నగర్ నుంచి కరోల్ బాగ్ దాకా ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి సిగ్నల్ పోగొడితే చాలు. అందులో ఎవరూ ఉండరు."

"ఫ్లైట్ మోడ్ పెడితే కుదరదు సార్" అంది ప్రీతి మెల్లగా. ఆ రోజు ఆమె నోరు విప్పడం అదే మొదలు. "ఫోన్ రేడియో ఆపేశారని దాని చిట్టాలో పడుతుంది. వెంటనే పట్టేస్తారు. ఫోను ఆన్‌లోనే ఉండాలి, టవర్ మాత్రం అందకూడదు."

"దానికి సిగ్నల్ ఆపే సంచులుంటాయి కదా. మన స్టోర్‌లో అడుగుతా" అన్నాడు చీఫ్. కాసేపటికి మళ్ళీ లైన్‌లోకి వచ్చాడు. "ఆరు ఉన్నాయట. మిగతావాటికి ఫైలు నడుస్తోందట."

ప్రీతి చూపు పులిహోర డబ్బా మీద నిలిచింది. "సార్, ఇది ఖాళీ చేసి ఇస్తారా?"

పులిహోర పళ్ళెంలోకి మారింది. స్టీలు డబ్బాలో ఫోను పెట్టి మూత వేసింది. రఘువీర్ రింగ్ ఇచ్చాడు. డబ్బాలోంచి గణగణమని మోగింది. ప్రీతి పెదవి కొరుక్కుంది. ఆ డబ్బాని అలాగే వంటింట్లోని పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి, దాని మూతా బిగించింది. మళ్ళీ రింగ్ ఇచ్చాడు. నిశ్శబ్దం. కిటికీ దగ్గర పెట్టి చూశారు. డాబా మీద, టవర్ ఎదురుగా పెట్టి చూశారు. మోగలేదు.

"డబ్బాలో డబ్బా" అంది ప్రీతి. "టెస్ట్ పాస్." అప్పుడు పళ్ళెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. తింటూ చిన్న డబ్బా మీద చెక్కిన పేరు చదివింది. "గౌరి ఎవరు సార్?"

"మా ఆవిడ. నాలుగేళ్ళయింది పోయి."

ప్రీతి చెయ్యి కడుక్కొచ్చి, ఆ డబ్బాని కొంగుతో తుడిచి ఇచ్చింది.

తెలుగు స్టూడెంటు గదిలో పుస్తకాలు లేకపోవచ్చు, పచ్చడి డబ్బాలు లేకుండా ఉండవు. రఘువీర్ భావనకి డబ్బాల సంగతి చెబితే, "మా అమ్మ పేరు చెక్కినవే ఐదున్నాయి అంకుల్. పచ్చడి ఎక్కడ పొయ్యాలన్నదే సమస్య" అంది.

*

కరోల్ బాగ్‌లో ఒక టిఫిన్ హోటల్. మూలటేబుల్ దగ్గరికి మెరూన్ పట్టుచీరలో, నల్లకళ్ళద్దాలతో ఒకామె వచ్చింది. సర్వర్ నీళ్ళు వంచడం మరిచిపోయి చూశాడు.

"ఇక్కడ సాంబారులో బెల్లం వేస్తారా?" అంది.

"వేస్తారు. ఒప్పుకోరు" అన్నాడు రఘువీర్.

కోడ్ సరిపోయింది. ఛాయాదేవి కూర్చుంది. పుట్టింది, పెరిగింది ఢిల్లీలోనే. టవర్ సాథీకి ఫేస్ ఆమే. పోస్టర్ల మీదా ఆమే, పార్టీల్లోనూ ఆమే. ఎనిమిది నెలలుగా వాళ్ళ జీతం తీసుకుంటూ రఘువీర్‌కి కబుర్లు పంపుతోంది. మునిర్కా బాంబు గురించి ముందు కబురు రాకపోవడంతో చీఫ్ ఆమెని నమ్మడం మానేశాడు.

"మీ బాస్ నన్ను అరెస్ట్ చెయ్యమన్నాడా?"

"ఆలోచిస్తున్నాడు. ఒక్కటి చెప్పు. శుక్రవారం జామర్ లేకుండా ప్రీతిని తీసుకెళ్తే? రిమోట్ బాంబు ఉంటే మేం అయిపోయినట్టే."

"రిమోట్ లేదు. మీ జామర్ ఆపేస్తుందని గురుగ్రామ్‌లో మా బాస్ మార్కస్ దాన్ని వాడడు. అయస్కాంతం, టైమర్. బైకులు మూడు. ఎర్రచుక్కలు ఎటు కదిలితే అటు పంపుతాడు."

"నీ మాట మీద ఒక ప్రాణం పెట్టాలి."

"పెట్టకండి. నేనైతే పెట్టను." ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీ రాజగోపాల్ ఒకసారి నన్ను మెట్రో దగ్గర దింపాడు. నేను గేటు దాటి లోపలికి వెళ్ళేదాకా కారు కదపలేదు. నేను ఏ పక్కదాన్నో అతనికి తెలీదు. అడగలేదు కూడా. ఇలాంటివి నాకు అలవాటు లేదు, రఘువీర్ గారూ. నిద్ర పట్టట్లేదు."

రఘువీర్ ఒక చిన్న పెట్టె జరిపాడు. అందులో జుంకాలు. ఎడమదానిలో మైక్. "మార్కస్ పక్కన ఉన్నంతసేపూ పెట్టుకో. నాకు వినిపిస్తుంది. నేను మాత్రం మాట్లాడలేను."

"మగవాళ్ళు అలాంటివే కొంటారు" అంటూ పెట్టుకుంది. తర్వాత రఘువీర్ ఇంటినుంచి తెచ్చి టేబుల్ మీద పెట్టిన, ఒకదానిలో ఒకటున్న స్టీలు డబ్బాలని చూసింది. "ఇందులో ఏముంది?"

"పులిహోర. డబ్బాతో తీసుకెళ్ళు. పని ఎలా చేస్తుందో చెబుతాను, విను."

చెప్పాడు. ఛాయాదేవి నవ్వింది. ఆ నవ్వు పోస్టర్లలో ఉండేది కాదు.

*

శుక్రవారం. పొగమంచు పసుపురంగులో కమ్ముకుంది. మాస్కు వేసుకున్న ప్రీతి ఒక మామూలు ట్యాక్సీ వెనక సీట్లో ఉంది. నడిపేది రఘువీర్. చెవిలో వినికిడి మెషీన్ లాంటి రిసీవర్. ముందు జామర్ లేదు, వెనక ఎస్కార్ట్ లేదు. యమున వైపు రింగ్ రోడ్డు.

భావన గ్రూపులో ఒక్క మాటే పెడుతోంది: "ఇప్పుడు." ముఖర్జీ నగర్‌లో ఒక వీధి, ఆ పక్క వీధి. డబ్బాల మూతలు పడుతున్నాయి, తెరుచుకుంటున్నాయి. సిగ్నల్ తిరిగి రాగానే ప్రతి ఫోనూ తను చీకట్లో ఉన్న సంగతి పంపుతోంది.

చెవిలో మార్కస్ ఇంగ్లీషులో అంటున్నాడు. "బయల్దేరారు. పశ్చిమం వైపు. ఇద్దర్ని కరోల్ బాగ్ పంపు. ఒకణ్ణి నది రోడ్డు మీదే ఉంచు."

కశ్మీరీ గేట్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఎడమ పక్కకి ఒక మోటార్ సైకిల్ వచ్చి నిలిచింది. ట్యాంకు మీద నల్లసంచి. రఘువీర్ అద్దంలో ప్రీతిని చూశాడు. ఆమె కూడా సంచిని చూసింది.

"సార్."

"తల దించకు. ఫోన్ చూసుకుంటున్నట్టు ఉండు."

అప్పుడే చెవిలో మార్కస్ గొంతు మారింది. "ఇదేంటి? శక్తి నగర్‌లో సిగ్నల్ నిండుగా ఉంది. ఆ కాన్వాయ్ ఎగిరి అవతల దిగిందా?"

ఎర్రచుక్కల దారి మధ్యలో ఉన్న శక్తి నగర్‌లో గోపీకృష్ణ అనే టెస్టర్ కుర్రాడు, సిగ్నల్ నిజంగా పోయిందో లేదో చూద్దామని మూత తీసి చూశాడు. పోయిందనుకుని మళ్ళీ వేశాడు. మళ్ళీ అనుమానం వచ్చి తీశాడు.

"ఎవరో ఆడుకుంటున్నారు" అన్నాడు మార్కస్. "నది రోడ్డు వాడికి చెప్పు. కార్లన్నీ చూడమను. అమ్మాయి ఫొటో ఉందిగా."

బైకువాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి విన్నాడు. ఫోను తీశాడు. ముందు కారులోకి వంగి చూశాడు. తర్వాత ట్యాక్సీ వైపు తిరిగి, వెనక అద్దం మీద వేలితో తట్టాడు. మాస్కు తియ్యమని సైగ చేశాడు.

రఘువీర్ చెయ్యి సీటు కింద పిస్తోలు మీదికి వెళ్ళింది. నాలుగు వైపులా బళ్ళు. పక్కనే స్కూలు వ్యాన్. సంచిలో టైమర్ నడుస్తోందో లేదో తెలీదు.

చెవిలో ఛాయాదేవి గొంతు, ఆవలింత ఆపుకుంటున్నట్టు వినిపించింది. "మార్కస్, శక్తి నగర్‌వి పాత ఫోన్లు. అప్‌డేట్ పడలేదు. పోయిన వారమే చెప్పాను, నువ్వు వినలేదు. అటు చూడు, కరోల్ బాగ్‌లో ఎరుపు మొదలైంది. మూడోవాణ్ణి కూడా పంపకపోతే దాటిపోతారు."

"నిజంగా?"

"తప్పయితే నేనిక్కడే ఉన్నాగా, నీ పక్కన."

అద్దం మీద వేలు మళ్ళీ తట్టింది. ప్రీతి వేళ్ళు మాస్కు తాడు మీదికి వెళ్ళాయి. కొద్దిగా కిందికి లాగింది.

బైకువాడు సగంలో ఆగాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. తలూపాడు. ఫుట్‌పాత్ మీదికి బండి ఎక్కించి, వెనక్కి తిప్పి, పశ్చిమం వైపు వెళ్ళిపోయాడు.

"ఊపిరి తీసుకో" అన్నాడు రఘువీర్. తనూ తీసుకున్నాడు. స్కూలు వ్యాన్‌లోంచి ఒక పాప ప్రీతికి నాలుక చూపించింది. ప్రీతి ఏడుస్తూనే తిరిగి చూపించింది.

*

కరోల్ బాగ్‌లో, లేని కాన్వాయ్ కోసం ఒకే వీధిలో తిరుగుతున్న మూడు బైకుల్నీ మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు. సంచులు జాగ్రత్తగా విప్పారు. అన్నీ టైమర్లే. రిమోట్ ఒక్కటీ లేదు.

ప్రీతి స్టేట్‌మెంట్ ఇచ్చింది. ఆర్డర్ వచ్చింది. అప్‌డేట్ వదిలే బటన్ మీద మార్కస్ చెయ్యి ఉండగా గురుగ్రామ్ ఆఫీసు తలుపు విరిగింది.

కోర్టు మెట్ల మీద ప్రీతి, "రాజగోపాల్ గారి ఇంటికి తీసుకెళ్తారా సార్?" అంది. ఇద్దరూ వెళ్ళారు. ఆయన భార్య టీ పెట్టింది. లేచేటప్పుడు ఆమె ప్రీతి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "ఛాయాదేవి గురుగ్రామ్ ఆఫీసులో లేదు. బల్ల మీద జుంకాలు మాత్రం ఉన్నాయి. మార్కస్ మనుషులు తీసుకుపోయారా?"

"నేనూ అదే భయపడ్డాను సార్. ఫోన్ చేసి చూశాను."

"స్విచాఫ్ వస్తోందా?"

"లేదు. కవరేజ్ ఏరియాలో లేరంటోంది."

"ఢిల్లీ నడిబొడ్డున కవరేజ్ లేకపోవడమేంటయ్యా? ఎక్కడికి పోయింది? ఎలా వెతకాలి ఆవిడని?"

రఘువీర్ వంటింటి అరలో, రెండు డబ్బాలు ఉండాల్సిన ఖాళీ వైపు చూశాడు.

"కష్టం సార్. ఆ డబ్బాలు మా ఆవిడ ఏరి కొన్నవి. మూతలు బాగా బిగుస్తాయి."