అవసరం లేని మనిషి

రియాక్టర్ కింది గదిలో దాలయ్య వాల్వు బిగిస్తున్నాడు. పొద్దున లోపలికి వెళ్లినవాడు మధ్యాహ్నమైనా బయటికి రాలేదు. ఒకప్పుడైతే అది నేరం. ఆ గదిలో ఎవరూ కొద్ది నిమిషాలకు మించి ఉండకూడదు. ఏ ఒక్కరి ఒంటికీ రేడియేషన్ మితిమీరి తగలకుండా, ఒక్క వాల్వుకు ఇరవై మంది వంతులవారీగా వెళ్లేవారు. ఒకడు లోపల ఉంటే మిగతావాళ్లు అద్దం అవతల కూర్చుని వాడి మీద జోకులు వేసేవారు.

ఆ పద్ధతిని మార్చింది డాక్టర్ షహనాజ్ కనిపెట్టిన ఇంజెక్షన్. రేడియేషన్ మన కణాల్లోని డీఎన్ఏ పోగులను తెంపుతుంది. ఈ మందు తెగిన పోగును తెగిన క్షణంలోనే అతికేస్తుంది. రోజంతా లోపలున్నా హాని లేదు. దాంతో ఇరవై మంది పని ఒక్కడిదైంది. మిగతావాళ్లను తలో ప్లాంటుకు పంపేశారు.

రేడియేషన్ భద్రతా మండలి తరఫున షహనాజే తనిఖీకి వచ్చింది. దాలయ్య బయటికి రాగానే రక్తపరీక్ష చూసింది. ఎక్కడా వంక లేదు.

"ఒంట్లో ఇబ్బంది ఏమైనా ఉందా?"

"ఏటీ లేదు మేడమ్‌గారూ." అతను కాసేపు నసిగాడు. "లోపలికి నాతో ఇంకో మనిషిని పంపగలరా?"

"పని ఎక్కువైందా?"

"పని కాదండి. మా ఆవిడ చేపల పులుసు మాడ్చిన సంగతి నిన్న లోపలున్న పంపు మిషనుకి చెప్పాను. చెప్పి నేనే నవ్వాను. ఆ నవ్వు గోడలకి కొట్టుకుని నాకే తిరిగొచ్చింది. బయమేసింది."

షహనాజ్ రక్తపరీక్ష కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

"అవసరం లేని మనిషిని రేడియేషన్‌లోకి పంపకూడదు దాలయ్యగారూ. మిమ్మల్ని కాపాడటానికే ఆ నియమం పెట్టాం."

"తోడు అవసరం కాదా అండి?"

"చట్టంలో అవసరమంటే పనే."

అతను తల ఊపి, టిఫిన్ డబ్బా పట్టుకుని క్యాంటీన్‌లోకి వెళ్లాడు. పొడవాటి బల్ల చివర ఒక్కడే కూర్చుని తిన్నాడు.

షహనాజ్ మండలికి ఫోన్ చేసి, దాలయ్యకు తోడు పంపాలని అడిగింది. "హాని ఎంతో కొలిచి చూపించండి, నియమం మారుద్దాం" అన్నారు. ఆమె దగ్గరున్న ఏ మీటరూ దాన్ని కొలవలేదు.

మర్నాడు ఆమె తన మందును మొదటిసారి తానే వేయించుకుంది. వేలమందికి ధైర్యం చెప్పిన మనిషే, సూది దిగుతుంటే కళ్లు మూసుకుంది.

గేటు దగ్గర ఆఫీసర్ ఆపాడు. "లోపల మీకేం పని మేడమ్?"

"తనిఖీ."

ఆమెను చూడగానే దాలయ్య చేతిలోని పానా జారిపోయింది. దాన్ని తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు. ఆమె లైటు పట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. తన పాత జట్టులో ఎవడికి చీకటంటే భయమో, ఎవడు రక్షణ సూట్‌ను వెనకముందు తిప్పి తొడుక్కున్నాడో వరసగా చెప్పుకొచ్చాడు. ఆ సూట్ సంగతికి షహనాజ్ పగలబడి నవ్వింది. తను అలా నవ్వి ఎంతకాలమైందో ఆమెకే గుర్తులేదు.

బయటికి రాగానే ఆఫీసర్ అడిగాడు, "తనిఖీ పూర్తయిందా మేడమ్?"

వెనకాల దాలయ్య ఇంకా ఏదో చెబుతూనే వస్తున్నాడు.

"లేదు. రేపు మళ్లీ రావాలి" అంది షహనాజ్.