మృతుల కుర్చీ

"విండ్సర్‌లో మన ఇన్‌ఫార్మర్‌ని లేపేశారు, మృదులా," అన్నాడు భరద్వాజ్, కారు హీటర్ పెంచుతూ. "పోయేముందు ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పాడు. భోజనాల వేళ బాంబు. అంతే."

రెజైనా దాటాక హైవే పక్కన ఆగి ఉంది కారు. చుట్టూ మంచు తప్ప మరేమీ లేదు. భరద్వాజ్ కెనడా ఇంటెలిజెన్స్‌లో మృదులకి బాస్. కాఫీ ముట్టుకోకుండా మాట్లాడుతున్నాడంటే వ్యవహారం ముదిరిందన్నమాటే.

"టార్గెట్?"

"రేపు ఇక్కడే జరిగే కొర్వేనా శాంతి చర్చలు."

ఆ పేరు మృదులకి కొత్త కాదు. కొండలవాళ్ళూ తీరంవాళ్ళూ ఏళ్ళ తరబడి కొట్టుకు చచ్చిన దేశమది. యుద్ధం ఆగే ముందు ఉద్యోగంలో ఆమె పార్ట్‌నర్ నిశాంత్ అక్కడే పోయాడు. రెండు సైన్యాల మధ్య సరిహద్దు గీతలో, మందుపాతరల నడుమ, పేరులేని గోతిలో ఉన్నాడు. ఆ గీత చెరిగితే తప్ప ఆ గోతిని ఎవరూ తవ్వరు. ఇక్కడ ఒషావాలో అతని భార్య పద్మ ఇప్పటికీ అతని పాత ఫోన్ చార్జింగ్‌లో పెడుతూనే ఉంది.

"ఎవరి పని సార్?"

"ఓ విదేశీ గనుల ముఠా. దేశం రెండు ముక్కలుగా ఉంటేనే వాళ్ళకి పండగ. లోపల మన మనిషి ఇలోనా ఉంది. రెండు పక్షాలకీ ఇంటర్‌ప్రెటర్."

"అందగత్తేనా?"

"అదెందుకిప్పుడు?"

"మీరు ఆ పేరు పలికిన తీరు చూసి అడిగాను సార్."

భరద్వాజ్ నవ్వలేదు. ఓ గాజు తీసి ఆమె చేతికిచ్చాడు. "పేలుడు పదార్థం మూరెడు దూరంలో ఉంటే ఇది వణుకుతుంది."

"బంగారమేనా?"

"ఆశ దోశ! విను. ఏం కనిపించినా సరే, బాంబని మాత్రం అరవకు. రెండు వైపులా బాడీగార్డులున్నారు. నువ్వరిస్తే, అవతలివాళ్ళే పెట్టారని కాల్చుకు చస్తారు. ఇక బాంబు పేలనక్కర్లేదు. గాజులోనే మైక్ ఉంది. బాంబు దొరికితే 'పెరుగు పులిసింది' అను, నేను బయటే ఉంటాను."

మర్నాడు మధ్యాహ్నానికల్లా మృదుల ఏప్రన్ కట్టుకుని, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున గెస్ట్‌హౌస్‌లో పులిహోర వడ్డిస్తోంది. మధ్యవర్తి అమరేశ్వరరావు గారు యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. తెలుగు భోజనమే పెడతానని పట్టుబట్టారు. పాపం, ఆ బల్ల దగ్గర ఆయన మాట నెగ్గింది అదొక్కటే.

"ముందు విచారణ! హంతకుల్ని బోనెక్కించాకే ఎన్నికలు," అన్నాడు కొండలవాళ్ళ నాయకుడు తోమెక్.

"ముందు ఎన్నికలు, అందరికీ క్షమాభిక్ష," అంది తీరంవాళ్ళ నాయకురాలు అర్వానా. "విచారణ మొదలెడితే నీవాళ్ళు సగం, నావాళ్ళు సగం జైల్లో ఉంటారు. దేశాన్నెవరు నడుపుతారు? దయ్యాలా?"

రావు గారు మృదుల వైపు వంగి తెలుగులో గొణిగారు. "రెండు ప్లాన్లకీ తేడా అంతేనమ్మా. చచ్చినవాళ్ళకి ముందు జవాబు చెప్పాలా, బతికినవాళ్ళకా అని."

బల్ల కొసన నల్లగుడ్డ పరిచిన ఖాళీ కుర్చీ ఉంది. కొర్వేనాలో ఏ ఇంట భోజనానికి కూర్చున్నా యుద్ధంలో పోయినవాళ్ళకో కుర్చీ వేస్తారు. దాన్ని ఎవరూ ముట్టుకోరు. తినేముందు ఇంటిపెద్ద రొట్టె పళ్ళెం తెచ్చి ఆ కుర్చీలో పెడతాడు. ఈరోజు మొట్టమొదటిసారి రెండు పక్షాల పెద్దలూ కలిసి ఒకే పళ్ళెం పెట్టబోతున్నారు.

మృదుల అటు చూడకూడదనుకుంటూనే చూసింది. తల పక్కకి వాల్చి, ఆకలేస్తోందన్నట్టు నిశాంత్ అందులో కూర్చునే ఉన్నాడు. చూపు తిప్పుకుంది. పొద్దున్నించీ బల్ల సర్దే వంకతో గాజు చేతిని మనుషులు కూర్చునే ప్రతి కుర్చీ దగ్గరా తిప్పింది. గాజు ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు కనిపించింది ఇలోనా. ఎర్రటి పొడుగు కోటులో, అద్దాల తలుపు పక్కన. ఎంత అందంగా ఉందో! కానీ కాళ్ళకి మంచు బూట్లేమిటి? నాయకులంతటివాళ్ళే బూట్లు వసారాలో విప్పేసి మేజోళ్ళతో తిరుగుతున్నారు. హీటర్ వేసిన హాల్లో కోటూ బూట్లతో నిలబడిందంటే, వెంటనే బయటికి పరుగెత్తాల్సిన పనేదో ఉంది.

మృదుల గార్డు పక్కకి వెళ్ళింది. "హాలంతా వెతికారుగా?"

"అంగుళం వదల్లేదు."

"ఆ కుర్చీ?"

తన తల్లినెవరో తిట్టినట్టు చూశాడతను. "దాన్నెవరు ముట్టుకుంటారు?"

ఓరి దేవుడా! కొండల గార్డులు ముట్టుకోలేదు. తీరం గార్డులు ముట్టుకోలేదు. బాంబుల వాసన పట్టే కుక్కల్ని కూడా దూరంగానే పట్టుకుని ఉంటారు. వాళ్ళదాకా ఎందుకు, పొద్దున్నించీ తనూ ఆ కుర్చీని చుట్టు తిరిగే వెళ్తోంది, నిశాంత్‌కి తగులుతుందేమోనని.

తోమెక్, అర్వానా లేచారు. చెరోవైపు పళ్ళెం పట్టుకుని కుర్చీ వైపు నడిచారు. మృదుల వాళ్ళకంటే ముందు చేరింది. గాజు జివ్వున వణికింది. పళ్ళెం బరువు పడితే పేలే స్విచ్!

"పెరుగు పులిసింది!"

ఇలోనా తలుపు తీసి బయటపడింది. పళ్ళెం కుర్చీని తాకబోతోంది.

"లేవరా నిశాంత్, నన్ను క్షమించు!" అంటూ మృదుల కుర్చీని రెండు చేతులా ఎత్తేసింది. హాలు హాలంతా గొల్లుమంది. రెండు పక్షాల తుపాకులూ ఆమె వైపే తిరిగాయి. రావు గారు ఆ వయసులో చేతులు చాపి వాటికి అడ్డం నిలబడ్డారు. మృదుల తలుపు దాటి, మెట్లు దూకి, కుర్చీని సరస్సు మీదికి బలంకొద్దీ తోసింది. అది మంచు మీద జర్రున జారిపోయి, బోర్లాపడి, ఢామ్మని పేలింది. సరస్సు ఒళ్ళంతా పగిలింది.

మైక్‌లో మాట విని కాచుకున్న భరద్వాజ్ ఒడ్డున ఇలోనాకి బేడీలు వేస్తున్నాడు. ఆమె పెనుగులాడలేదు. మంచులో మండుతున్న నల్లగుడ్డనే చూస్తోంది.

"యుద్ధంలో పోయిన మావాళ్ళంతా ఆ కుర్చీలోనే కూర్చునేవారు," అంది మెల్లగా. "యుద్ధం ఉన్నంతకాలమే వాళ్ళకి కుర్చీ. దేశం ఒక్కటయ్యాక వాళ్ళనెవరు తలుస్తారు?"

మృదుల వణుకు ఆగిన గాజుని చేతి నుంచి తీసేసింది.

సాయంత్రం భరద్వాజ్ కారులో కూర్చుని ఫోన్ చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "ఎన్నికలా, విచారణా అన్నది ఇంకా తేలలేదు. కానీ ఉమ్మడిగా రెండు తీర్మానాలు చేశారు. ఒకటి, సరిహద్దులో గోతులన్నీ తవ్వి, దొరికినవాళ్ళని ఇళ్ళకి పంపుతారు."

మృదుల కళ్ళు మూసుకుంది. పద్మకి ఫోన్ చెయ్యాలి.

"రెండోది?"

"మృతుల కుర్చీని అపవిత్రం చేసినందుకు నీకు కొర్వేనాలో జీవితాంతం ప్రవేశం నిషేధం. ఆ తవ్వకాల దగ్గరికి కూడా. ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదట."

మృదులకి ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది.

"పోనీలెండి సార్. నన్ను వెలివేయాలంటే ముందు వాళ్ళిద్దరూ కలిసి ఒక్క దేశమవ్వాలిగా."