ఎక్కడ కంటావు?

మా అమ్మ రెండో కాన్పులో పోయింది. మహేంద్రతనయ ఏరు పొంగి బండి దాటలేదు. రెండు రోజులు ఇంట్లోనే అరిచి అరిచి, మూడో రోజు పొద్దున్న అరవడం మానేసింది. అప్పుడు నాకు ఏడేళ్లు.

అందుకే నాకు కడుపు నిలిచిందని తెలిసిన రోజున మా ఆయన గంగుల్ని ఒక్కటే అడిగాను. "బావా, నన్ను ఆసుపత్రిలో కననిస్తావా?"

ఆయన పాతపట్నంలో రైసుమిల్లు మేస్త్రి. మారు మాట్లాడకుండా రాజాంలో ఇంకో మిల్లులో పని చూసుకున్నాడు. అక్కడైతే ఏరు అడ్డం రాదు, విజయనగరానికి బస్సు ఉంటుంది. అరవై ఎనిమిదో సంవత్సరం, నాకు ఏడో నెల. సామాను బండికెత్తుతుంటే మా అత్త గురమ్మ గుమ్మంలో కూర్చుని లేవనంది.

"కడుపుతో ఉన్నది ఇల్లు మారకూడదు. ఆసుపత్రి, ఆసుపత్రి... నా కూతుర్ని నడిపించి తీసుకెళ్లినాను. గుడ్డ కప్పి తెచ్చుకున్నాను. నీకేటి తెలుసే?"

ఆమెది కోపం కాదు, భయం. నాదీ భయమే. ఇద్దరి భయాలూ ఒకే బండిలో రాజాం చేరాయి.

మిల్లు వెనక వీధిలో ఇల్లు. ముందు రెండు గదులు, పెరటి వసారా చివర కిటికీ లేని చిన్న గది. అందులో పిడకలు పేర్చుకున్నాం. తడిసిన గోనెసంచి వాసన వేసేది. దాని అడుగున ఇంకో వాసన ఉండేది. పాత నెత్తురు వాసన. తలుపు లోపలి వైపు, కింద కూర్చున్న మనిషి చెయ్యి ఆనే ఎత్తులో, చెక్కంతా గీరుకుపోయి ఉంది. ఎలకలంది అత్త. ఎలకలు ఐదేసి గీతలు పక్కపక్కనే గీస్తాయా అని నేను అడగలేదు.

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెగని వాన. నాకింకా తొమ్మిది నిండలేదు. మూడో రోజు మిల్లుకు వెళ్తూ గంగులు చెప్పాడు. "మధ్యాహ్నం మా లారీ విజయనగరం ఎల్తాది. నిన్ను ముందే ఆసుపత్రిలో దింపేస్తాను. బట్టలు సర్దుకో."

ఆయన వెళ్లిన గంటకే నడుములో పోటు మొదలైంది.

"అత్తా, బావకి కబురెట్టు" అన్నాను.

అత్త గొడుగేసుకుని వెళ్లింది. వచ్చేటప్పుడు వెంట బావ లేడు. పక్కవీధి మంత్రసాని తాతమ్మ ఉంది. ఇద్దరూ చెరో రెక్క పట్టి నన్ను లేపారు. పెరటి గదిలో పిడకలు తీసేసి, అప్పటికే చాప పరిచి ఉంది. నాకు తెలియకుండా ఎప్పుడు సర్దిందో!

గది ముందు తాతమ్మ కాళ్లు ఆగిపోయాయి.

"ఈ గదిలోనా? ఒద్దు గురమ్మా. ముందింట్లో పడుకోబెట్టు."

"ముందింట్లో మైల ఎలాగ? రా లోపలికి."

మిట్టమధ్యాహ్నం, అయినా గదిలో దీపం పెట్టాల్సి వచ్చింది. నన్ను చాప మీద పడుకోబెట్టారు. నేను లేవబోతే అత్త భుజాలు అదిమి పట్టింది. "బావొచ్చేస్తాడు, లారీ ఉంది" అని ఏడ్చాను. అత్త వినలేదు. ఆమె కూడా ఏడుస్తోంది.

అప్పుడు తలుపు మూసుకుంది.

గాలి అనుకున్నాం. లోపల గడియ దానంతటదే పడింది. ఆ చప్పుడుకి తాతమ్మ గోడకి అతుక్కుపోయింది.

"నాను కాదు... నాను కాదు చిన్నతల్లీ... గడియెట్టింది మీ ఆయన... నాను ఒద్దనే అన్నాను..."

"ఎవులే చిన్నతల్లి?" అత్త గుసగుసగా అడిగింది.

"మూడేళ్ల కిందట... ఈ గదిలోనే. బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తీసికెళ్లమని కాళ్లు పట్టుకుంది. అరుపులు వీధిలోకి వినిపిస్తన్నాయని బయట గడియెట్టేసినారు. నాను... నానూ బయటే కూకున్నాను."

దీపం చిన్నదైపోయింది. గదిలో నాలుగో ఊపిరి వినిపించింది. నొప్పులు పడే మనిషి ఊపిరి. ఆగి... ఆగి... పళ్ల సందులోంచి.

తాతమ్మ కుడిచెయ్యి పైకి లేచింది. ఆమె లేపలేదు. ఆ చెయ్యి వెనక్కి తిరిగింది. ఇంకా తిరిగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు. గోడకి ఒకసారి, మళ్లీ ఒకసారి కొట్టుకుని కింద పడింది. మోచేతి దగ్గర తెల్లగా ఎముక బయటికొచ్చి ఉంది.

తర్వాత గొంతు వినిపించింది. అలిసిపోయిన ఆడగొంతు. నా చెవి పక్కనే.

"ఎక్కడ కంటావే?"

అత్త నా మీదకి వంగి, నన్ను రెండు చేతులా కప్పేసింది. ఆ ముసలిదానికి ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"ఇక్కడే కంటాది! నా కోడలు నా కళ్లముందే కంటాది! పో!"

అత్త తల వెనక్కి విరుచుకుంది. జుట్టు పట్టి ఎవరో లాగినట్టు. ఆమె నా మీదనుంచి లేచిపోయింది, కాళ్లు నేలకి రాసుకుంటూ గుమ్మం దాకా ఈడ్చినట్టు పోయింది. ముఖం ద్వారబంధానికి కొట్టుకుంది. మళ్లీ. మళ్లీ. మళ్లీ. నా చాప మీద ఏదో రాలి పడింది. చూస్తే పన్ను.

"ఇక్కడే..." అంటోంది అత్త, నెత్తురు మింగుతూ. "ఇక్కడే..."

"ఒదిలేయ్!" అని అరిచాను. "ఆమెనొదిలేయ్!"

వాన చప్పుడు కూడా లేదు. తడిచెయ్యి ఒకటి నా కడుపు మీద ఆనింది. చల్లగా, బరువుగా. లోపల బిడ్డ తన్నడం ఆపేసింది.

"ఎక్కడ కంటావే... సెప్పు."

"ఆసుపత్రిలో" అన్నాను. "విజయనగరం... ఆసుపత్రిలో కంటాను."

కడుపు మీది చెయ్యి బరువు తగ్గింది. తర్వాత ఆ గొంతు, చిన్నపిల్ల అడిగినంత మెల్లగా అంది.

"నానూ వస్తాను."

గడియ పైకి లేచింది. తలుపు బార్లా తెరుచుకుంది. బయట గంగులు గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. అరగంటగా తలుపు పగలగొడుతున్నాడట. మాకు ఒక్క దెబ్బా వినిపించలేదు.

తాతమ్మని ఇరుగుపొరుగు మోసుకుపోయారు. ఆ చెయ్యి తీసేయాల్సి వచ్చిందని తర్వాత విన్నాను. నన్నూ అత్తనీ లారీలో ధాన్యం బస్తాల మధ్య పడుకోబెట్టి పైన టార్పాలిన్ కప్పారు. అత్త తల గంగులు ఒళ్లో ఉంది. చీపురుపల్లి దాటాక ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆసుపత్రి గురించి ఏదో చెప్పబోయింది. పెదాలు కలవలేదు. ఆ చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. గంగులుకి నేను వెంటనే చెప్పలేదు. అప్పటికే నాకు నొప్పులు ఆగకుండా వస్తున్నాయి. అరిస్తే డ్రైవరు భయపడతాడని టార్పాలిన్ అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఆసుపత్రిలో బల్ల ఎక్కించిన పది నిమిషాలకే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. డాక్టరమ్మ చేతుల్లోకే వచ్చింది. ఇద్దరు నర్సులు పక్కనే ఉన్నారు. బిడ్డ గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ బొడ్డు కోయడానికి కత్తెర అందుకుని ఆగిపోయింది.

"ఇక్కడికొచ్చే ముందు ఎవరు లోపల చేయి పెట్టారమ్మా?"

"ఎవరూ పెట్టలేదు."

ఆమె నర్సుల వంక చూసింది. వాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు. నేను మోచేతుల మీద లేచి చూశాను.

బొడ్డు అప్పటికే కోసి ఉంది. నా కడుపులోనే కోసి ఉంది. పసుపు రాసిన దారంతో, రెండు చుట్లు చుట్టి, పొందిగ్గా ముడి వేసి ఉంది.

అంత నెత్తుట్లోనూ ఆ దారం పొడిగా ఉంది.