మూడుసార్లు పోయిన థర్మోకపుల్

"వారంలో మూడు, ఫెర్మిన్! మన సాక్షి ఇంట్లో, ఒకే ఒవెన్‌లో!" చీఫ్ బల్ల మీద మాడిపోయిన థర్మోకపుల్స్ మూడు పడేశాడు. "మంట ఆరితే గ్యాస్ ఆపించేది ఇదేగా? రేపు డాన్ బల్తసార్ కోర్టులో నోరు విప్పితే ఆ విదేశీ ముఠా మొత్తం జైలుకే. అప్పటిదాకా ముసలాయన బతికుండాలి. గ్యాస్ మెకానిక్‌లా వెళ్ళు. కాపలాకి హిమేనా ఉంది."

హిమేనా పేరు వినగానే ఏజెంట్ ఫెర్మిన్‌కు సగం ధైర్యం వచ్చింది. ఆరేళ్ళుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. ఆమె కాపలా ఉంటే ఈగ కూడా దూరదు. అయినా ఎందుకో మనసు కీడు శంకిస్తూనే ఉంది.

బ్యూనస్ ఐరిస్‌లో జూలై అంటే నడి చలికాలం; చలి ఎముకలు కొరికేస్తోంది. మధ్యాహ్నం మూడింటికి పెట్టుడు మీసంతో, పనిముట్ల సంచీతో ఆ ఇంటి మెట్లెక్కుతుంటే హిమేనా ఎదురొచ్చింది. ఎర్ర కోటు, గుప్పుమనే సెంటు.

"నీళ్ళు మరిగాయా?" కోడ్ అడిగాడు.

"మరిగితే మాతే టీ పాడైపోదూ!" తడుముకోకుండా బదులిచ్చింది. "ఛీ, ఏం మీసమోయ్ అది! ముసలాయనా, వంటమనిషీ కునుకు తీస్తున్నారు, లేపకు. అలా వెళ్ళి కాఫీ తాగొద్దాం, పద."

"పనయ్యాక తాగుదాం."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వంటింట్లోకి అడుగుపెట్టగానే ఫెర్మిన్‌కు నవ్వొచ్చింది. ఒవెన్ తలుపు బార్లా తెరిచి ఉంది. దాని ముందు కాళ్ళు చాపుకుని డాన్ బల్తసార్, వంటమనిషి ఎర్మిందా కుర్చీల్లోనే నిద్రపోతున్నారు. చలికాలం ఈ ఊళ్ళో ఇంటింటా ఇదే భాగోతం! తలుపు తీస్తే గాలికి మంట వాలిపోయి థర్మోకపుల్‌ను మాడ్చేస్తుంది. ముఠా లేదు, గిఠా లేదు.

అంతలో ముక్కుపుటాలు అదిరాయి. గ్యాస్!

ఒవెన్‌లో మంట లేదు. బుస్సుమని చప్పుడు మాత్రం వస్తోంది. థర్మోకపుల్ పోతే గ్యాస్ ఆగిపోవాలి కదా, మరి ఇదేమిటి?

ఎర్మిందా కళ్ళు తెరిచింది. జలుబుతో ఆమెకు వాసనే తెలియడం లేదు. "మళ్ళీ చచ్చిందీ పాడు పొయ్యి!" వారం నుంచీ ఆరడం, వెలిగించడం అలవాటైపోయింది. అగ్గిపుల్ల పెట్టెకు ఆనించేసింది.

"అమ్మా, వద్దు!" ఒక్క ఉదుటున దూకి ఆమె రెండు చేతులూ ఒడిసిపట్టాడు. పుల్ల విరిగి కిందపడింది.

"నీ చేతులు పడిపోనూ! ఎవడ్రా నువ్వు?"

నాబ్ తిప్పి, కిటికీలన్నీ తెరిచి, గ్యాస్ ఆపే సేఫ్టీ వాల్వ్ విప్పాడు. అది మూసుకోకుండా లోపల ఉక్కుముక్క ఇరికించి ఉంది. తళతళలాడుతోంది, కొత్తది. పెట్టినవాళ్ళే మంటా ఆర్పి ఉంటారు. ఈ ఇంట్లో నిద్రపోనిది కాపలా మనిషి ఒక్కతే.

కిటికీలోంచి చూశాడు. వీధి మలుపులో ఎర్ర కోటు. ఇటే చూస్తోంది, పేలుడు కోసం.

"ఎర్ర కోటు... పట్టుకోండి," చీఫ్‌కు ఫోన్‌లో చెప్పాడు. కాఫీకి పిలిచింది తనను బతికించడానికా, పని అడ్డం లేకుండా ముగించడానికా? ఆమెను అడిగే ధైర్యం అతనికి లేదు.

ఐదు నిమిషాల్లో చీఫ్ ఫోన్. "దొరికింది! శభాష్! ఇంతకీ ఆ థర్మోకపుల్ మళ్ళీ పోదుగా?"

"వీళ్ళు కాళ్ళు కాచుకున్నంతకాలం పోతూనే ఉంటుంది సార్. పోనివ్వండి. అది పోయిన మూడుసార్లూ గ్యాస్ ఆగిపోయింది, అందరూ బతికే ఉన్నారు."