మళ్ళీ ప్రయాణం ఎప్పుడు?

“మళ్ళీ ప్రయాణం ఎప్పుడే?” టీ గ్లాసు చేతికిస్తూ అడిగింది అమ్మ.

ఆ ప్రశ్నలో విషమేమీ లేదు. పదిహేనేళ్ళుగా అడుగుతున్నదే. కూతురికి వాలీబాల్ ఆడటమే ఉద్యోగం. ఏడాదికో క్లబ్బు, క్లబ్బుకో ఊరు, ఊరికో అద్దె గది. సీజన్ అయ్యాక ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిపోయేది. అయితే ఈసారి ఉన్న సామానంతా తెచ్చేసుకుంది. ఆ సంగతి ఎవరి కంటా పడలేదు.

“చూద్దాంలే” అని టీ ఊదుకుంటూ కూర్చుంది.

పడక హాల్లో సోఫా మీద. కాళ్ళు సగం బయటికే ఉంటాయి. ఇంట్లో ఆమెను ‘నిచ్చెన’ అంటారు మరి, నిచ్చెనకు సరిపడా సోఫా ఎవడు చేస్తాడు? ఆమె గదిలో ఇప్పుడు మరదలి కుట్టుమిషనూ గుడ్డల మూటలూ ఉన్నాయి. పాపం ఆ పిల్ల మొదటిరోజే “తీసేయిస్తాను వదినా” అంది. “నాలుగు రోజులకెందుకమ్మా” అని తనే అనేసింది. అన్నందుకు ఇప్పుడు అనుభవిస్తోంది.

కూర తరగబోతే మరదలు కత్తి లాక్కుంది. “మీరు కూర్చోండి వదినా, ఎప్పుడో వచ్చేవాళ్ళు.” బట్టలు ఆరేయబోతే అమ్మ బకెట్టు అందుకుంది. తమ్ముడైతే టీవీ రిమోటు చేతిలో పెట్టి “నీకిష్టమైంది చూడక్కా” అన్నాడు. చిన్నప్పుడు ఆ రిమోటు కోసమే ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు. ఇంతమంది మధ్య ఇంత మర్యాదగా ఒంటరిదైపోవడం ఆమెకు కొత్త. హోటల్ గదుల్లో కూడా ఇలా అనిపించలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు కదిపాడు. “తేదీ చెప్పక్కా, టికెట్టు చూస్తాను. ఆలస్యమైతే దొరకవు.”

“నన్ను పంపించేయాలని అందరికీ తొందరే.” నవ్వుతూ అందామనుకుంది గాని నిష్ఠూరంగానే వచ్చింది మాట.

“అదేం మాట? నీకు ప్రాక్టీసు పోతుందనేగా.”

“ప్రాక్టీసూ లేదు, క్లబ్బూ లేదు. మోకాలు పాడైందని జట్టులోంచి తీసేశారు.”

అమ్మ వడ్డిస్తున్న గరిట గిన్నెలో పెట్టేసింది.

“ఎప్పుడు చెప్పారు?” అంది అమ్మ.

“చెప్పక ముందే తెలిసింది. బంతి వదిలేస్తే కోచ్ నానా తిట్లూ తిట్టేవాడు. ఈ ఏడు ‘పర్లేదమ్మా, కూర్చో’ అన్నాడు. అంటే ఇక నా పని అయిపోయినట్టే. ఇక్కడికొస్తే మీరూ అదే మాట. కూర్చో, కూర్చో. నేనేమన్నా చుట్టాన్నా? గది లేదు, పని లేదు, నన్ను కసిరే దిక్కు కూడా లేదు. ఇక్కడ చోటు లేదంటే ఎక్కడికి పోను నేను?”

“సాయంత్రానికల్లా గది ఖాళీ చేస్తానత్తయ్యా” అంది మరదలు, ఏడుపు గొంతుతో.

“నీకెందుకే కంగారు? మిషను అందులో పెట్టమన్నది నేను” అంది అమ్మ.

“నువ్వా?” అంది కూతురు.

“నేనే. నువ్వెళ్ళిన ప్రతిసారీ ఆ గది దాటాలంటే కాళ్ళాడేవి కావు. నువ్వు కప్పుకున్న దుప్పటి ఉతకబుద్ధేసేది కాదు. లోపల ఏదో ఒక చప్పుడుంటే నువ్వు లేవని తెలియదనుకున్నా. నువ్వు రాగానే ప్రయాణం ఎప్పుడని ఎందుకడుగుతాననుకున్నావు? ఎన్నాళ్ళుంటావో తెలిస్తే మనసు రాయి చేసుకోవచ్చని.”

పరాయి ఊళ్ళలో ఒక్కర్తే వండుకుని, ఒక్కర్తే తిని, తను లేకపోయినా ఇల్లు హాయిగా సాగిపోతోందనుకుంది ఇన్నాళ్ళూ. కన్నీళ్ళు కంచంలో పడుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

“పాడైంది మోకాలా, నోరా?” అంది అమ్మ. “ వారం నుంచి మింగుకుని కూర్చుంటావా? ఇల్లనుకున్నావా, సత్రమనుకున్నావా? రేపు డాక్టరు దగ్గరికి నడు, కాదన్నావంటే వీపు చీరేస్తాను.”

ఆమె వెక్కుతూనే తలూపింది. అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.