రాడార్‌కి గంతలు కట్టిందెవరు?

"శత్రువులు కూల్చిన రెండు విమానాలూ రాడార్‌కి దొరక్కుండా నేలను రాసుకుంటూ ఎగిరినవే," అన్నాడు చీఫ్. "ఆ పైలట్లు సిమ్యులేటర్‌లో ఒక్కసారి కూడా శత్రు రాడార్‌కి దొరకలేదు. ఇది ఇంటిదొంగ పనే. మధ్యాహ్నం ఇంకో నాలుగు వెళ్తున్నాయి. ఆపాలంటే నాకు రుజువు కావాలి."

ఏజెంట్ పిల్లి వాచీ చూసుకున్నాడు. ఆ నాలుగింట్లో మొదటి విమానం నడిపేది అతని బావమరిది. పెళ్లానికి ఒక్కగానొక్క తమ్ముడు. వాడికేమైనా అయితే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి?

గంట తిరక్కుండానే పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో శిక్షణ కేంద్రంలో దూరాడు. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో ట్రాన్స్‌మిటర్.

అనుమానమంతా సెంటు మేడమ్ మీదే. సిమ్యులేటర్‌లో రాడార్ ప్రోగ్రామ్ రాసింది ఆవిడే. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. ఆవిడ గది దాటినా సెంటు దాటదు. పైగా శత్రువుల దగ్గర జీతం తీసుకుంటోందని వినికిడి.

"చలి ఎక్కువైందా మేడమ్?" పిల్లి కోడ్ విసిరాడు.

"ఎండలో ఉన్నవాళ్లనడుగు."

కోడ్ సరిపోయింది. అంటే ఈవిడ మన డబుల్ ఏజెంటా? పిల్లికి నమ్మబుద్ధి కాలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినావిడ ఏ పడవ ముంచుతుందో ఎవరికెరుక?

"సిమ్యులేటర్‌లో కూర్చుని ఎగురు," అంది.

"నాకు స్కూటరే సరిగ్గా రాదు."

"అందుకే ఎగరమంటున్నా."

పిల్లి ఎగిరాడు. కొండా గుట్టా లేని మైదానం మీద, తాడు తెగిన గాలిపటంలా ఊగుతూ. రాడార్ కిక్కురుమనలేదు. తెర మీద మార్కులు పడ్డాయి. వందకి వంద.

"నిజంగా అయితే మైదానంలో ఎంత కిందికి దిగినా దొరికిపోతావు," అంది మేడమ్. "కొండ చాటుంటేనే బతుకు. నేను అలాగే రాశాను. రోజూ చచ్చిపోతున్నామని కుర్రాళ్లు గోల పెట్టారు. మొదటి వారం రాడార్‌ని కాస్త సడలించమని మాస్టారు అడిగితే స్విచ్ పెట్టిచ్చాను. తాళంచెవి ఆయన మెడలోనే ఉంది. ఇంతవరకూ వెనక్కి తిప్పలేదు. నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

మాస్టారంటే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. నెరిసిన మీసం, తేనె పూసిన మాట. కుర్రాళ్లకి ఆయనంటే ప్రాణం. పిల్లి ఆయన్నే వెతుక్కుంటూ వెళ్లాడు.

"మాస్టారూ, ఈ రాడార్ నమ్మదగిందేనా?"

"యుద్ధం లెవెల్లోనే పెట్టాను బాబూ. నేలను రాసుకుంటూ ఎగిరితే ఈగ కూడా చూడదు."

బయట ఇంజిన్లు మోగుతున్నాయి. పిల్లి కిటికీలోంచి రన్‌వే కేసి చూశాడు.

"మంచిది. మొదటి విమానంలో వెనక సీటు ఖాళీగా ఉంది. మిమ్మల్ని ఎక్కమని చీఫ్ ఆర్డర్."

మాస్టారి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. చెయ్యి జేబులోకి పోయింది. పిస్తోలు సగం బయటికి వచ్చేసరికి, వెనక నుంచి మేడమ్ హ్యాండ్‌బ్యాగ్ ఆయన నెత్తి మీద పడింది. అందులో ఏం మోస్తుందో గానీ, మనిషి మళ్లీ లేవలేదు.

"చీఫ్, ఆపండి. రాడార్‌కి గంతలు కట్టారు," పిల్లి స్క్రూడ్రైవర్‌లోకి అరిచాడు.

ముక్కు పైకెత్తబోతున్న విమానం రన్‌వే చివర కీచుమంటూ ఆగింది. పిల్లికి ప్రాణం లేచొచ్చింది. రుసరుసలాడుతూ వస్తున్న బావమరిదిని కావలించుకోవాలనిపించింది గానీ, బావగా బెట్టు అడ్డొచ్చింది.

"ఎందుకు ఆపించావు బావా? సిమ్యులేటర్‌లో నాకు వందకి వంద, తెలుసా?"

"తెలుసురా," అన్నాడు పిల్లి. "నాకూ అంతే వచ్చాయి."