పిల్లి ఉన్న ఇంటికి తగిన పిట్ట

పిల్లి ఉన్న ఇంట్లో ఎలాంటి పిట్టను పెంచుకోవాలో కోడలికి బాగా తెలుసు. పిల్లి నోటికి సులువుగా అందేది కావాలి.

ఆమె కోట్లు కుట్టే దర్జీ. ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల ఫ్లాటు. హాల్లో ఓ మూల, కాలితో తొక్కే పాత మిషను. అది అత్తగారిది. కుట్టుపని నేర్పింది కూడా ఆవిడే. కాళ్ళు పడిపోయాక ఆవిడ మంచానికే అంటుకుపోయింది. ఆ మంచం మీద ఆవిడకు తోడు దొర. దొర అంటే పిల్లి. పేరుకు తగ్గట్టే, ఇస్త్రీ చేసిన నల్లకోటు కనబడితే చాలు, దాని మీద పవళించి గానీ లేచేవాడు కాదు. ఆ వెంట్రుకలు ఏరలేక కోడలికి ఒళ్ళు మండిపోయేది.

మొగుడితో మొరపెట్టుకుంటే, "అమ్మకున్న తోడు అదొక్కటే. అదేమైనా ఎవరినన్నా చంపిందా? చంపినప్పుడు చూద్దాంలే," అనేసి బస్సు డ్యూటీకి వెళ్ళిపోయాడు.

చంపినప్పుడు చూద్దామన్నాడు కదా. ఆ మాటను కోడలు మనసులో ముడేసి పెట్టుకుంది. అత్తగారికి ఎప్పటినుంచో పిట్టను పెంచుకోవాలని ఆశ. తెచ్చిపెడతానని కోడలు అంటే పాపం ముసలావిడ కళ్ళు చెమర్చాయి.

"ఇంట్లో పిల్లి ఉందా? అయితే చిన్నవి వద్దమ్మా," అన్నాడు పిట్టలు అమ్మేవాడు. "గట్టి ముక్కున్న పెద్ద చిలకను తీసుకోండి. పంజరం ఎత్తులో వేలాడదీయాలి. రెండింటినీ ఒకే గదిలో వదిలి తలుపేశారో, ఇక అంతే."

కోడలు బుద్ధిగా తలూపుతూ అన్నీ వింది. ఒక్కొక్కటీ తిరగేసి చెయ్యాలి కదా మరి!

కొట్టు చివర, చీకట్లో, బొటనవేలంత బూడిదరంగు పిట్ట ఒంటరిగా కూర్చుని ఉంది.

"అది ఇవ్వండి."

"దాన్ని అమ్మనమ్మా. దాంతో పాటు ఏ పిట్టను ఉంచినా తెల్లారేసరికి ఉండటం లేదు."

"చచ్చిపోతున్నాయా?"

"చస్తే ఈకైనా దొరకాలి కదమ్మా."

ధర పెంచడానికి కథలు చెబుతున్నాడనుకుంది. తీరా చూస్తే అతను డబ్బే పుచ్చుకోలేదు. ఆమె పట్టుబట్టాక పంజరం చేతికిచ్చేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా, కోడలు దొరను చంకనేసుకెళ్ళి తన పడగ్గదిలో దింపింది. పంజరం నేల మీద పెట్టి దాని తలుపు తెరిచింది. బయటికొచ్చి గదికి గడియ పెట్టింది. పిట్ట అరిస్తే అత్తగారు లేస్తుందేమోనని మిషను ముందు కూర్చుని ఊరికే తొక్కసాగింది. సూది కింద గుడ్డ లేదు. టకటకటక...

అరిచింది పిట్ట కాదు.

అరిచింది దొర. ఆ వెంటనే తలుపు మీద గోళ్ళ చప్పుడు. పసిబిడ్డ ఏడ్చినట్టు ఏడుస్తూ బతిమాలుతున్నాడు. తలుపు కింది సందులోంచి ముందుకాలు బయటికొచ్చి గచ్చును గీరింది. కోడలు చూసింది. లేచి గడియ తీస్తే సరిపోయేది. తీయలేదు. ఇంకాస్త గట్టిగా తొక్కింది.

ఆ కాలు మెల్లగా... ఎవరో లాగుతున్నట్టు... లోపలికి పోయింది.

గడియ తీసేసరికి గదిలో తడిసిన బొగ్గు వాసన. కిటికీలు మూసే ఉన్నాయి. మంచం కింద, బీరువా వెనక ఎక్కడా దొర లేడు. ఒక్క వెంట్రుక కూడా లేదు. పంజరం తలుపు దానంతటదే మూసుకుని ఉంది. లోపల పిట్ట తన ముక్కును కమ్మీకి రాసి తుడుచుకుంటోంది.

కోడలికి ముందు భయం వేసింది. తర్వాత, పీడ విరగడైందని నవ్వొచ్చింది.

"వీధి తలుపు తీయగానే పారిపోయాడత్తయ్యా," అని చెప్పింది.

అత్తగారు ఏడవలేదు. "మధ్యాహ్నం ఏం కుట్టావమ్మా?" అని అడిగింది.

"కోటు."

"సూది గుడ్డ మీద పడ్డ చప్పుడు కాదే అది. ఉత్త మిషను తొక్కావు. అంతసేపు."



సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగిస్తుంటే పంజరంలోంచి గురగుర వినిపించింది. అత్తగారి పక్కలో దొర పెట్టే గురగుర. గుడ్డ కప్పినా ఆగలేదు. రాత్రికి మొగుడు వస్తాడు. ముసలావిడ మిషను సంగతి చెప్పేస్తుంది. పైగా మిషను వేసుకోవడానికి ఇంట్లో మంచి వెలుతురు వచ్చేది ఆవిడ గదిలోకే... ఆ పిట్ట ఇంకో పనికి కూడా వస్తుందని కోడలికి అప్పుడు తట్టింది.

"అత్తయ్యా, పిట్టను మీ గదిలో పెడతాను. తోడుంటుంది."

"పెట్టమ్మా," అంది అత్తగారు తాపీగా. "వెళ్తూ తలుపు కూడా వేసుకెళ్ళు."

కోడలు పంజరం తలుపు తెరిచి, ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, గదికి గడియ పెట్టింది. మిషను తొక్కింది. ఈసారి అరుపు లేదు. గోళ్ళ చప్పుడు లేదు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా తొక్కి ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం.

కొవ్వొత్తి పట్టుకుని లోపలికి వెళ్ళింది. అదే బొగ్గు వాసన. మంచం ఖాళీ. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది. అమ్మయ్య అనుకుంది. మిషను ఈ కిటికీ పక్కన వేయాలా, ఆ గోడ పక్కన వేయాలా అని కాసేపు ఆలోచించింది కూడా. ఆ తర్వాత పంజరం మూద్దామని వంగింది.

పంజరమూ ఖాళీయే.

వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"ఎవరది?... అత్తయ్యా?"

కొవ్వొత్తి ఆరిపోయింది. గదిలో పైన ఎక్కడో రెక్కలు విదిల్చిన చప్పుడు. ఆ వెంటే గురగుర. కోడలు నేల మీద పడి తలుపు కింది సందులోకి వేళ్ళు దూర్చింది. గచ్చును గీరింది.

"తలుపు తియ్యండత్తయ్యా... మీ కాళ్ళు పట్టుకుంటాను..."

హాల్లో కుర్చీ జరిగింది. ఎవరో సర్దుకుని కూర్చున్నారు. తర్వాత మిషను మొదలైంది. టకటకటక... సూది కింద గుడ్డ లేని చప్పుడు.

అది కాళ్ళతో తొక్కితే గానీ తిరగని మిషను.